ఇరుసులో పళ్ళ లెక్క

మీ సైకిలుకు స్టాండు వేసి నిలబెట్టండి. పెడలు దగ్గరున్న పెద్ద పళ్ళ చక్రానికి ఎన్ని పళ్ళున్నాయో, వెనక చక్రం మధ్యనున్న చిన్నదానికి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఒక పంటికి సుద్దముక్కతో గుర్తు పెట్టుకుంటే లెక్క తప్పదు. ముందు 44, వెనక 18 ఉన్నాయనుకుందాం. 44ని 18తో భాగిస్తే దాదాపు రెండున్నర. అంటే మీరు పెడలును ఒక చుట్టు తొక్కితే వెనక చక్రం రెండున్నర చుట్లు తిరుగుతుందన్నమాట.

మోటారు బండిలో సంగతి దీనికి తలకిందులు. ఇంజను నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది కాని, బరువైన బండిని కదిలించేటంత మెలితిప్పే బలం దానికి ఉండదు. చక్రానికి అంత వేగం అక్కర్లేదు, బలం కావాలి. అందుకని వేగాన్ని తగ్గించి బలాన్ని పెంచే పళ్ళ చక్రాలను మధ్యలో అమరుస్తారు. గేరుపెట్టె గురించి మీరు వినే ఉంటారు. అది కాక చిట్టచివర మరొక జత ఉంది. లారీ వెనక నిలబడి వంగి చూడండి. ఇరుసు మధ్య గుమ్మడికాయలాగా ఉబ్బిన ఇనప డొల్ల కనిపిస్తుంది. ఆ జత ఉండేది అందులోనే. ఇంజను వైపు నుంచి వచ్చే పొడవాటి షాఫ్టు కొసన ఉన్న చిన్న చక్రం పినియన్. అది తిప్పే పెద్ద పళ్ళెం లాంటిది క్రౌన్.

ఈ జతను విప్పి వేరే జత వేసుకునే అలవాటు అమెరికాలో పికప్ బండ్లున్నవాళ్ళలో బాగా ఉంది. పికప్ అంటే ముందు మనుషులు కూర్చునే గది, వెనక సామాను వేసుకునే తొట్టి ఉన్న బండి. యూటా రాష్ట్రంలో మోయబ్ అనే ఊరి చుట్టూ ఎర్రటి రాతిగుట్టలున్నాయి. అలాంటి చోట్ల తిరగడానికి కొందరు తమ పికప్‌కు పెద్ద టైర్లు వేయిస్తారు. నేలకూ బండి అడుగుకూ మధ్య ఎత్తు పెరిగి, రాళ్ళు తగలవు. అంతవరకు బాగానే ఉంది. చిక్కు ఆ తరువాత మొదలవుతుంది.

లెక్క చూద్దాం. బండికి మొదట 31 అంగుళాల వ్యాసమున్న టైర్లు ఉన్నాయి. క్రౌన్‌కు 41 పళ్ళు, పినియన్‌కు 11. భాగిస్తే 3.73. షాఫ్టు 3.73 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. ఇప్పుడు 35 అంగుళాల టైర్లు వేశారు. ఒక్క చుట్టుకు టైరు దొర్లే దూరం 2.47 మీటర్ల నుంచి 2.79 మీటర్లకు పెరిగింది. దూరం పెరిగితే లాభమే కదా అంటారా? తలుపును కీలు దగ్గర చెయ్యి పెట్టి తొయ్యమని మీ అన్నయ్యతో చెప్పండి. అంచు దగ్గర మీరు ఒక్క వేలితో ఆపగలరు! మెలితిప్పే బలం అదే అయినా, ఇరుసు నుంచి దూరం పెరిగే కొద్దీ తోపు తగ్గుతుంది. టైరు నేలను తోసే చోటు ఇరుసుకు దూరమైంది కాబట్టి ఆ తోపు సుమారు 11 శాతం తగ్గిపోయింది.

చదునైన రోడ్డు మీద ఇది పెద్దగా తెలియదు. కొలరాడో కొండ దారిలో, వెనక ఒక బరువైన ట్రైలరు కూడా ఉన్నప్పుడు తెలుస్తుంది. ఇంజను రొప్పుతుంది. తనంతట తాను గేరు మార్చుకునే బండి అయితే పై గేరుకూ కింది గేరుకూ మధ్య ఊగిసలాడి, గేరుపెట్టెలోని నూనె వేడెక్కుతుంది. దిగేటప్పుడు ఇంకా ప్రమాదం. పల్లంలో కింది గేరులో పెట్టి ఇంజనుతోనే బండిని కొంత ఆపుతారు. ఆ పట్టు కూడా అదే 11 శాతం తగ్గిపోయి, ఆ భారమంతా బ్రేకుల మీద పడుతుంది.

ఇప్పుడు క్రౌన్-పినియన్ జతను మార్చాలి. పాత బలం తిరిగి రావాలంటే 3.73ని 35తో గుణించి 31తో భాగించండి. 4.21 వస్తుంది. సరిగ్గా అంత నిష్పత్తి ఉన్న జత మామూలుగా దొరకదు. దగ్గరలో దొరికేవి 41కి 10 పళ్ళు, అంటే 4.10. లేదా 41కి 9, అంటే 4.56. పెద్ద టైర్ల బరువు కూడా ఎక్కువే కనుక కొండలెక్కేవాళ్ళు 4.56నే ఎంచుకుంటారు. దానితో టైరు తోపు మొదటికంటే కూడా 8 శాతం ఎక్కువవుతుంది.

ఆ 8 శాతం ఊరికే రాలేదు. షాఫ్టును నేరుగా తిప్పే గేరులో గంటకు 100 కిలోమీటర్లు పోవడానికి మొదట ఇంజను నిమిషానికి 2,510 చుట్లు తిరిగితే, ఇప్పుడు 2,720 తిరగాలి. పళ్ళ చక్రాలు శక్తిని పుట్టించవు. వేగాన్ని తీసుకుని బలాన్ని ఇస్తాయి, అంతే. ఇంకొకటి కూడా ఉంది. ఆ ఇనప డొల్లలో చోటు పెరగదు కాబట్టి క్రౌన్ పెద్దది కాలేదు. పినియనే చిన్నదైంది. 9 పళ్ళ పినియన్ 11 పళ్ళ దానికంటే సన్నం, కాబట్టి బలహీనం.

41, 9 అంటూ ఈ వింత అంకెలు దేనికి, 40, 10 పెట్టుకుంటే లెక్క సులువు కదా అని మీకు సందేహం రావచ్చు. బడిలో నేర్చుకున్న క.సా.గు. ఇక్కడ పనికొస్తుంది! 40కీ 10కీ క.సా.గు. 40. అంటే క్రౌన్ ఒక్క చుట్టు తిరిగేసరికి మళ్ళీ మొదటి పళ్ళే కలుసుకుంటాయి. ఒక పంటికి చిన్న గాటు ఉంటే అది ఎప్పుడూ ఎదుటి చక్రంలోని అవే పళ్ళను కొరుకుతూ ఉంటుంది. 41కీ 9కీ క.సా.గు. 369. క్రౌన్ 9 చుట్లు, పినియన్ 41 చుట్లు తిరిగితేగాని అవే రెండు పళ్ళు మళ్ళీ కలవవు. ఈలోగా ప్రతి పన్నూ ఎదుటి చక్రంలోని పళ్ళన్నిటినీ ఒకసారి పలకరిస్తుంది. అరుగుదల అందరికీ సమంగా పంచినట్టవుతుంది. నన్నడిగితే ఈ బండి మొత్తంలో ఇంతకంటే అందమైన లెక్క లేదు.

కొత్త జత బిగించడం మాత్రం ఓపిక గల పని. క్రౌన్ పళ్ళకూ పినియన్ పళ్ళకూ మధ్య సుమారు 0.15 నుంచి 0.25 మిల్లీమీటరు సందు ఉండాలి. మీ నోటుపుస్తకంలో రెండు మూడు కాగితాల మందం! పలచటి రేకు బిళ్ళలు వేస్తూ తీస్తూ ఆ సందు సరిచేస్తారు. తరువాత పళ్ళకు పసుపుపచ్చని ముద్ద పూసి చక్రాన్ని తిప్పుతారు. సిరా పూసిన బొటనవేలు కాగితం మీద ముద్ర వేసినట్టు, పన్ను పంటికి ఎక్కడ తగిలిందో ఆ ముద్దలో అచ్చు పడుతుంది. అచ్చు పంటి మధ్యన పడాలి. అంచున పడితే మళ్ళీ విప్పాల్సిందే. లేకపోతే కొన్నాళ్ళకు ఇరుసు ఈల వేసినట్టు కూస్తుంది, ఆ తరువాత పళ్ళు విరుగుతాయి. ఈ పళ్ళు ఒకదాని మీద ఒకటి దొర్లడమే కాక జారుతాయి కూడా. అందుకే గంధకం కలిసిన ప్రత్యేకమైన నూనె పోస్తారు. దాని ఘాటు వాసన ఒకసారి పీలిస్తే మరిచిపోరు.

నాలుగు చక్రాలనూ ఇంజను తిప్పే బండి అయితే ముందు ఇరుసులో కూడా అదే నిష్పత్తి వేయాలి. వెనక 4.56, ముందు 3.73 ఉంటే ముందు చక్రాలు ఒక వేగంతో, వెనకవి మరొక వేగంతో పోవాలని చూస్తాయి. గట్టి రోడ్డు మీద ఆ పెనుగులాటలో ఏదో ఒకటి విరిగి తీరుతుంది.

వేగం చూపే మీటరు కూడా తప్పుతుంది. పాత పికప్‌లలో అది షాఫ్టు చుట్లను బట్టి పనిచేస్తుంది. టైర్లు మాత్రమే మార్చినప్పుడు మీటరు 100 చూపిస్తుంటే బండి నిజంగా 113 కిలోమీటర్ల వేగంతో పోతూ ఉంటుంది! జత మార్చాక అదే 100 దగ్గర అసలు వేగం 92. మీటరులోకి వెళ్ళే చిన్న పళ్ళ చక్రాన్ని మార్చి దీన్ని సరిచేస్తారు. కొత్త బండ్లలో కంప్యూటరుకు కొత్త అంకె చెబితే చాలు.

బ్రేకుల సంగతి మాత్రం ఇరుసులో ఎన్ని జతలు మార్చినా మారదు. బ్రేకు పట్టుకునేది చక్రాన్నే, షాఫ్టును కాదు. పెద్ద టైరు వల్ల బ్రేకు పోగొట్టుకున్న ఆ 11 శాతాన్ని పెద్ద బ్రేకు బిళ్ళలు వేసి సంపాదించుకోవాలి, లేదా నెమ్మదిగా పోవాలి.

మీ ఊళ్ళో లారీలు బాగుచేసే షెడ్డు ఉంటే, అరిగిపోయిన పాత క్రౌన్-పినియన్ ఒక మూల పడి ఉండవచ్చు. అడిగి రెండిటి పళ్ళూ లెక్కపెట్టండి. భాగించండి, క.సా.గు. కట్టండి. విరిగిన పన్ను ఉంటే, అది ఎదుటి చక్రంలో ఎన్ని పళ్ళను కలుసుకుని ఉంటుందో చెప్పగలరేమో చూడండి.