చప్పుడుకూ యజమాని ఉంటాడు!
అబిడ్స్, నాంపల్లి మీదుగా కొన్ని సౌండ్ విశేషాలు

పెళ్లి వీడియోలో బాణసంచా మోత, బట్టల దుకాణం ప్రకటనలో చప్పట్లు, షార్ట్ ఫిల్మ్‌లో తలుపు కిర్రుమనడం... ఇవన్నీ ఎక్కణ్నించో డౌన్‌లోడ్ చేసి అతికిస్తున్నవే. పాటకు హక్కులుంటాయని అందరికీ తెలుసు. రెండు సెకన్ల చప్పుడుకూ ఉంటాయన్న సంగతి చాలామందికి తట్టదు.

● హైదరాబాద్ రేడియోకు పుట్టిల్లు అబిడ్స్. 1930ల్లో చిరాగ్ అలీ గల్లీలో మహబూబ్ అలీ చిన్న ట్రాన్స్‌మిటర్‌తో సొంతంగా ప్రసారాలు మొదలుపెట్టారు. 1935లో అది నిజాం ప్రభుత్వ రేడియో అయింది. 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసింది. రేడియో నాటకాల కాలంలో కొబ్బరి చిప్పలు కొడితే గుర్రం పరుగు, రేకు ఊపితే ఉరుము. అలా మనమే పుట్టించి, మనమే రికార్డు చేసుకున్న చప్పుడుకు ఇవాళ్టికీ ఎవరి లైసెన్సూ అక్కర్లేదు.

● మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. ‘సౌండ్ రికార్డింగ్’ అంటే పాటే కానక్కర్లేదు. శబ్దాలను నమోదు చేసిన ఏ రికార్డింగైనా సరే, ఏ సాధనంలో ఉన్నా సరే. కాబట్టి కుక్క మొరుగుడుకు హక్కుదారు ఉండడు, దాన్ని రికార్డు చేసిన ఫైలుకు ఉంటాడు. ఆ హక్కు రికార్డింగు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు నిలుస్తుంది. 1960లో వెలువడిన రికార్డింగు హక్కు 2020 డిసెంబరు 31తో తీరిపోయింది.

● ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య ఒక ఎఫెక్టుల సీడీ దొరికిందనుకోండి. కొన్నాక సీడీ మీదే. అందులోని ఉరుమును ప్రకటనలో వాడుకునే హక్కు మాత్రం దాంతోపాటు రాదు. సీడీ అట్ట పారేయకండి: నిర్మాత పేరు, చిరునామా, తొలి విడుదల సంవత్సరం దాని మీద అచ్చు వేయాలని చట్టమే చెబుతోంది. అనుమతి ఎవరిని అడగాలో అక్కడే తెలుస్తుంది.

● 1907లో కట్టిన నాంపల్లి స్టేషన్ దగ్గర రోడ్డు సందడిని, జనవరిలో నుమాయిష్ ఎగ్జిబిషన్ జనం హోరును మీరే రికార్డు చేస్తే ఆ రికార్డింగు మీది. కానీ వెనక దుకాణంలో సినిమా పాట మోగుతోందా? ఆ పాట హక్కులు మీకు రావు. నేపథ్యంలో అనుకోకుండా పడే బొమ్మలు, శిల్పాల వంటి వాటికి సినిమాల్లో చట్టం మినహాయింపు ఇచ్చింది. అది పాటలకు వర్తించదు. ప్లాట్‌ఫామ్ మీద వాణిజ్య చిత్రీకరణ అయితే రైల్వే అనుమతి కూడా ఉండాలి.

● ‘రాయల్టీ-ఫ్రీ’ లైబ్రరీల్లో చాలావరకు డబ్బు కట్టాల్సిందే. ఒకసారి కడితే, వాడిన ప్రతిసారీ మళ్లీ కట్టే పని ఉండదు, అంతే. ఆ శబ్దాన్ని మీ సినిమాలో కలపొచ్చు. విడి ఫైలుగా ఇంకొకరికి అమ్మడానికి సాధారణంగా ఒప్పుకోరు. లైసెన్సు ఎవరి పేరున ఉంటే వారికే చెల్లుతుంది కనుక స్నేహితుడి అకౌంటులోంచి తెచ్చుకున్నది మీకు రక్షణ కాదు.

● బీబీసీ 2018లో 16 వేలకు పైగా సౌండ్ ఎఫెక్టులను ఆన్‌లైన్‌లో పెట్టింది. సొంతానికి, చదువుకు, పరిశోధనకు ఉచితం. డబ్బు తెచ్చే పనికి వాడాలంటే విడిగా లైసెన్సు కొనాలి.

● బార్సిలోనాలోని పాంపెయు ఫాబ్రా విశ్వవిద్యాలయం 2005లో ఫ్రీసౌండ్ అనే వెబ్‌సైటును ప్రారంభించింది. అక్కడ ప్రతి ఫైలు పక్కనా దాని లైసెన్సు రాసి ఉంటుంది. ‘సీసీ (క్రియేటివ్ కామన్స్) జీరో’ అయితే నిశ్చింతగా వాడుకోవచ్చు. ‘సీసీ బై’ అయితే టైటిల్స్‌లోనో వీడియో వివరణలోనో రూపకర్త పేరు వేయాలి. చివర ‘ఎన్‌సీ’ అని ఉంటే వ్యాపారానికి పనికిరాదు. పక్కపక్కనే ఉన్న రెండు ఫైళ్లకు రెండు రకాల షరతులు ఉండొచ్చు.

● లైసెన్సు పత్రంలో గడువు రాయకపోతే మన చట్టం దాన్ని అయిదేళ్లుగా లెక్కిస్తుంది. ఎక్కడెక్కడ చెల్లుతుందో రాయకపోతే భారతదేశానికే పరిమితమని భావిస్తుంది. మన సినిమాలు, వెబ్ సిరీస్‌లు డల్లాస్‌లోనూ దుబాయ్‌లోనూ చూస్తున్న రోజులివి. ‘ప్రపంచమంతటా, ఎల్లకాలం’ అన్న మాటలు పత్రంలో ఉన్నాయో లేదో చూసుకున్నాకే సంతకం పెట్టాలి.

● సంస్థను గుర్తుచేసే శబ్దాన్ని ట్రేడ్‌మార్కుగానూ నమోదు చేయొచ్చు. మన దేశంలో తొలిసారి ఆ గుర్తింపు పొందింది 2008లో ఇంటర్నెట్ సంస్థ యాహూ కూత. 2017 నిబంధనల ప్రకారం 30 సెకన్లకు మించని ఎంపీ3 ఫైలుతో దరఖాస్తు చేసుకోవాలి. అలాంటి శబ్దాన్ని మీరే కొత్తగా రికార్డు చేసి మీ సరుకు ప్రకటనలో పెట్టినా చిక్కే.

● యూట్యూబ్ 2007 నుంచి కంటెంట్ ఐడీ అనే యంత్రాంగంతో వీడియోల్లోని శబ్దాలను సరిపోల్చి చూస్తోంది. లైసెన్సు ఉన్నవారికీ ఒక్కోసారి క్లెయిమ్ రావచ్చు. అప్పుడు ఆదుకునేది రసీదే.

● నాంపల్లిలో క్రిమినల్ కోర్టులున్నాయి. కాపీరైట్ గొడవ అక్కడిదాకా వెళ్తుందా అని అనుమానించకండి. తెలిసి ఉల్లంఘిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా అని చట్టంలోని 63వ సెక్షన్ చెబుతోంది. అది పోలీసులు నేరుగా కేసు పెట్టదగిన, బెయిలు హక్కుగా దొరకని నేరమని 2022 మేలో సుప్రీంకోర్టు తేల్చింది.

ప్రతి ప్రాజెక్టుకూ ఒక ఫోల్డరు పెట్టండి. ఏ చప్పుడు ఎక్కడిది, ఏ రోజు తీసుకున్నారు, ఏ లైసెన్సు, రసీదు ఏది అన్నవన్నీ అందులో ఉంచండి. వీడియో అప్పగించేటప్పుడు క్లయింటుకూ ఒక ప్రతి ఇవ్వండి. ఆ చప్పుడు కోసం మైకు పట్టుకుని గంటల తరబడి నిలబడ్డ మనిషికి దక్కాల్సినది దక్కుతుంది, మీ పనికీ భద్రత ఉంటుంది.