వినంగ వినంగ వచ్చిన మాటలు



తెల్లవారుజామున చౌటుప్పల్ బస్టాండు దగ్గర నిలబడి చూస్తే, కూరగాయల గంపలతో పాటు పుస్తకాల సంచులు కూడా హైదరాబాదు బస్సులెక్కడం కనబడుతుంది. నగరం యాభై కిలోమీటర్ల దూరమే గనుక మన పల్లెల పిల్లలు పొద్దున పోయి రాత్రికి ఇల్లు చేరుతారు. వారిలో కొందరి చేతుల్లో ఇటుకంత లావు పుస్తకం ఉంటుంది. అమెరికాలో పై చదువులకు పోగోరే వారు వ్రాసే జి.ఆర్.ఇ. పరీక్ష పుస్తకం అది.

మా సంఘములోని ఒక యౌవనస్థుడు కూడా ఆ పుస్తకం పట్టుకున్నాడు. పదవ తరగతి వరకు తెలుగు మీడియం, ఆ తరువాత ఇంజనీరింగు. లెక్కలంటే భయం లేదు. ఇంగ్లీషు మాటలంటేనే గుండె దడ. పరీక్ష ఫీజే ఇరవై వేల రూపాయలు దాటింది. శిక్షణకు వేరే ఖర్చు. తండ్రి ఎకరంన్నర పొలం మీద అప్పు తెచ్చి కట్టాడు.

ఆ అబ్బాయి ప్రార్థన చేయించుకొనుటకు మా ఇంటికి వచ్చినప్పుడు మేము ప్రార్థనతో ఊరుకోలేదు, సలహా కూడా ఇచ్చాము. "బాబూ, బారన్స్ పుస్తకంలో సుమారు 3,500 మాటల పట్టిక ఉంది. రోజుకు వంద కంఠస్థం చేస్తే ముప్పై అయిదు రోజుల్లో అయిపోతుంది. మా చిన్నమ్మ కొడుకు 2001లో అట్లే చదివి నెగ్గాడు" అన్నాము. అబ్బాయి మా మాట నమ్మాడు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, బావి గట్టున కూర్చుండి, ముప్పై అయిదు రోజులు గడువు తప్పక చదివాడు.

ఫలితం వచ్చింది. ఇంగ్లీషు భాగానికి మార్కులు 130 నుండి 170 వరకు వేస్తారు. మా అబ్బాయికి 137 వచ్చాయి. అతడు మూడు వారాలు గుడికి రాలేదు. తండ్రి మమ్మును ఒక్క మాట అనలేదు గాని, ఆయన ముఖం చూచుట మాకే కష్టమైంది.

తప్పు ఎక్కడ జరిగిందో తెలిసికొనవలెనని ఆ పరీక్ష సంగతి మేమే కూర్చుండి చదివాము. దీనిని జరిపేది 1947లో స్థాపించబడిన ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్ అనే అమెరికా సంస్థ. 2011 ఆగస్టుకు ముందు ఈ పరీక్షలో ఒక మాట ఇచ్చి దాని వ్యతిరేకార్థం అడిగేవారు. రెండు మాటల మధ్య ఉన్న సంబంధం అడిగేవారు. అప్పుడు పట్టిక కంఠస్థం చేసినవారికి కొంత మేలు జరిగింది. 2011 మార్పులో ఆ రెండు రకాల ప్రశ్నలనూ తీసివేశారు. ఇప్పుడు వాక్యములో ఖాళీ విడిచి, దానికి తగిన మాట అడుగుతారు. ఇంకొక రకం ప్రశ్నలో ఆరు మాటలిచ్చి, వాక్యానికి ఒకే భావం తెచ్చే రెండింటిని ఎన్నుకొమ్మంటారు. 2023 సెప్టెంబరులో పరీక్షను రెండు గంటలలోపుకు కుదించారు. ఇంగ్లీషు భాగములో 27 ప్రశ్నలకు 41 నిమిషాలే. మేము ఇచ్చినది ఇరవై ఏండ్లనాటి సలహా. కాలం మారిందో లేదో అడిగి తెలిసికొనకుండ సలహా ఇచ్చిన తప్పు మాదే. అబ్బాయి ఇంటికి వెళ్లి, తండ్రి ఎదుటనే ఆ మాట ఒప్పుకున్నాము.

ఆ దినం అతనితో కూర్చుండి కొన్ని మాటలు అడిగాము. "ప్రాడిగల్ అంటే ఏమి?" అంటే "తప్పిపోయిన" అన్నాడు. సండే స్కూలులో నేర్చుకున్న కథ అది! తెలుగులో మనం తప్పిపోయిన కుమారుడు అంటాము గనుక అతడట్లే గుర్తు పెట్టుకున్నాడు. నిజానికి ఆ ఇంగ్లీషు మాటకు దుబారాగా ఖర్చు చేయువాడని అర్థం. కుమారుడు ఇల్లు విడిచిపోయినందుకు కాదు, ఆస్తిని తగలబెట్టినందుకు ఆ పేరు వచ్చింది.

"శాంక్షన్ అంటే?" అన్నాము. పక్కనున్న తండ్రి అందుకొని, "మంజూరు. లోన్ శాంక్షనయిందంటరు గద అయ్యగారూ" అన్నాడు. సరియైన జవాబే. కాని ఒక దేశం మరియొక దేశంపై శాంక్షన్లు విధించిందని పత్రికలో వ్రాస్తే అది శిక్ష. ఒకే మాట ఒకచోట అనుమతి, ఇంకొకచోట ఆంక్ష. చుట్టూ ఉన్న వాక్యమే దాని అర్థం తేల్చాలి. పట్టికలో మాట ఒంటరిగా ఉంటుంది. కొయ్యలగూడెంలో మన నేతవారు నూలుకు ముందే ముడులు కట్టి రంగులద్దుతారు. ఆ నూలు పోగును విడిగా చూస్తే అక్కడక్కడ రంగు మరకలే. మగ్గం మీద నేసినప్పుడే అది పువ్వో చిలుకో తెలుస్తుంది. మాటలు కూడా అంతే.

ఆ ఆదివారం అబ్బాయి గుడికి వచ్చాడు. ప్రార్థన సమయంలో మా సంఘములోని ఒక వృద్ధురాలు మోకరించి ప్రార్థించింది. ఆమెకు చదువు రాదు, సంతకానికి వేలిముద్రే. కాని ఆమె నోట విమోచన, ప్రాయశ్చిత్తము, మధ్యవర్తి, కృప అనే మాటలు ఎక్కడ ఉండవలసినవి అక్కడ తప్పు లేకుండ వస్తున్నాయి. అవి ఇంట్లో పొయ్యి దగ్గర మాట్లాడే మాటలు కావు, పండితులకు సైతం బరువైన మాటలు. ఆరాధన అయిన తరువాత అబ్బాయిని పక్కన పెట్టుకొని, "అమ్మా, ఇవన్నీ నీకు ఎవరు నేర్పారు?" అని అడిగాము. ఆమె నవ్వి, "ఎవలు నేర్పలే అయ్యగారూ. ఇనంగ ఇనంగ నోటికొచ్చినయి" అన్నది.

నలభై ఏండ్లుగా ఆమె ఆ మాటలను వాక్యములో విన్నది, పాటలో పాడినది, ప్రార్థనలో వాడినది. ఒక దినం వంద మాటలు ఆమె ఎన్నడూ నేర్వలేదు. ఒక మాటనే వంద దినములు విన్నది.

పండితులు చెప్పినదీ ఇదే. జర్మనీ దేశస్థుడైన హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అర్థం లేని అక్షరాల గుంపులను తానే కంఠస్థం చేసి, ఎంత మరచిపోతున్నాడో లెక్క వేసి, 1885లో పుస్తకంగా ప్రకటించాడు. నేర్చినదానిలో ఎక్కువ భాగం మొదటి దినమే జారిపోతుందనీ, ఒక్క దినం గంటలకొలది వల్లించుటకంటె అదే శ్రమను దినములకు పంచితే బాగా నిలుస్తుందనీ అతడు కనుగొన్నాడు.

గనుక మేమిద్దరము పద్ధతి మార్చాము. దినానికి పదిహేను మాటలే. అట్టముక్కకు ఒక ప్రక్క మాట, రెండవ ప్రక్క తన జీవితంలోనుండి తానే వ్రాసిన ఒక వాక్యం. పాత చెప్పుల డబ్బాలో మూడు అరలు చేశాడు. మొదటి అర ప్రతిదినం చూడాలి, రెండవది మూడు దినాలకొకసారి, మూడవది వారానికొకసారి. గుర్తున్న అట్ట తరువాతి అరకు పోతుంది, మరచినది మొదటికి వస్తుంది. దానితోపాటు దినానికి ఒక ఇంగ్లీషు పత్రిక సంపాదకీయం గట్టిగా చదవాలి.

మాటల కుటుంబాలు కూడా చూపించాము. ఆరాధన ముగింపులో బెనిడిక్షన్ అంటాము. బెనె అంటే మేలు, డిక్ట్ అంటే పలుకుట. ఆ మొదటి భాగం తెలిస్తే బెనెవొలెంట్ అంటే మేలు కోరువాడని తెలుస్తుంది. రెండవ భాగం తెలిస్తే కాంట్రడిక్ట్ అంటే ఎదురు పలుకుట అని తెలుస్తుంది. ప్రకటన గ్రంథములోని ఫిలదెల్ఫియ పేరులో ఫిల్ అనేది ప్రేమ. ఫిలాంత్రపిస్టు మనుష్యులను ప్రేమించువాడు. దెకపొలి అంటే పది పట్టణాలు. మెట్రోపాలిస్ ఆ ఇంటి ఆడపడుచే. మన పిల్లలకు ఇవి బొత్తిగా పరాయి మాటలు కావు, బంధుత్వం ఎవరో చూపించాలి.

అయిదు నెలల తరువాత అతడు మళ్లీ పరీక్ష వ్రాశాడు. 149 వచ్చాయి. గొప్ప మార్కులని చెప్పము. కాని ఈసారి ఇంటికి వచ్చి, ఏ ప్రశ్న ఎందుకు తప్పాడో తానే వివరించి చెప్పాడు. లెక్కల మార్కులు మంచివి గనుక రెండు విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు పెట్టాడు. జవాబు ఇంకా రాలేదు. పొలం మీద అప్పు ఇంకా ఉంది.

తల్లిదండ్రులారా, మూడు సంగతులు మనవి చేస్తున్నాము. మొదటిది, 2020 తరువాత అనేక విశ్వవిద్యాలయాలు చాలా కోర్సులకు ఈ పరీక్షను అడగడం మానివేశాయి. మీ బిడ్డ కోరిన కోర్సుకు అది కావలెనో లేదో ముందు కనుగొని, ఆ తరువాతే ఫీజు కట్టండి. రెండవది, బిడ్డ ఇంట్లో ఇంగ్లీషు వాక్యం తప్పుగా పలికితే నవ్వవద్దు. నవ్విన ఇంట్లో నోరు మూతపడుతుంది, మూతపడిన నోటికి మాట రాదు. మూడవది, చదువు రాదని మీరు దూరంగా కూర్చోవద్దు. అట్ట చేత పట్టుకొని "ఈ మాటతో ఒక ముచ్చట చెప్పు బిడ్డా" అని అడుగుటకు చదువు అక్కరలేదు.

మా అబ్బాయి తండ్రి ఇప్పుడు ప్రతి రాత్రి అదే చేస్తున్నాడు. పెద్దవాడికి పరీక్ష అయిపోయింది గనుక, ఎనిమిదవ తరగతి చదివే చిన్న కూతురిని కూర్చోబెట్టుకొని అడుగుతున్నాడు.