పాత జీపు దానం: తాళం ఇస్తే చాలదు, పేరు మారాలి



ఎవరైనా పాత గౌను ఇస్తే ఉతుక్కుని తొడుక్కుంటాం. పాత పుస్తకం ఇస్తే అట్ట వేసుకుని చదువుకుంటాం. మరి పాత జీపు ఇస్తే? తాళం చేతికి రాగానే ఎక్కి తిరిగేయొచ్చా? కుదరదు. ఎందుకు కుదరదో ఇక్కడ రాస్తున్నాను. మా మావయ్య సంతకి జీపు నడుపుతాడు. బండి సంగతులు ఆయన చెప్పాడు. చట్టం సంగతులు సోషల్ మేడమ్ చెప్పారు.

జీపే ఎందుకు?

జీపు మొదట సైనికుల కోసం పుట్టిన బండి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1941 నుంచి, అమెరికాలో విల్లీస్ కంపెనీ వాటిని తయారు చేసింది. మనకు స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మహీంద్రా కంపెనీ వాళ్ళు ఆ జీపులనే బొంబాయిలో బిగించి అమ్మడం మొదలుపెట్టారు.

మామూలు కారులో ఇంజను బలం రెండు చక్రాలకే పోతుంది. అవి బురదలో జారితే బండి కదలదు. ఫోర్ వీల్ జీపులో గేరు రాడ్డు పక్కన ఇంకో చిన్న రాడ్డు ఉంటుంది. అది వేస్తే ముందు చక్రాలకు కూడా బలం పోతుంది. రెండు జారినా మిగతా రెండు లాగుతాయి. పైగా బండి ఎత్తుగా ఉంటుంది కాబట్టి అడుగున రాళ్ళు తగలవు. అందుకే కొండ ఊళ్ళకు ఇది పనికొస్తుంది.

కాని జీపులాగా కనబడేవన్నీ ఫోర్ వీల్ కావు. సంత జీపులు చాలావాటికి వెనక చక్రాలే తిరుగుతాయి. కాబట్టి ఎవరైనా జీపు ఇస్తామంటే ముందు ఆ చిన్న రాడ్డు ఉందా, వేస్తే పడుతోందా అని చూడాలి.

నిలబడిపోయిన జీపు

మా కొండ కింద ఊళ్ళో ఒక సేవా సంస్థ ఉంది. వాళ్ళకు పట్నం ఆయన ఒకరు పాత ఫోర్ వీల్ జీపు ఇచ్చారు. దండ వేశారు, కొబ్బరికాయ కొట్టారు, ఫోటో తీసుకున్నారు. కాయితాలు మాత్రం మార్చలేదు. ఇన్సూరెన్సు అయిపోయింది. కొత్తది కట్టాలంటే బండి ఎవరి పేరున ఉంది అని అడిగారు. ఇచ్చినాయన వేరే రాష్ట్రం వెళ్ళిపోయారు. ఏ డ్రైవరూ ముట్టుకోలేదు. జీపు రెండు వానాకాలాలు చింతచెట్టు కిందే ఉంది. కోళ్ళు అందులో గుడ్లు పెట్టేవి.

రెండో వానాకాలంలో మా పిన్నికి నొప్పులొచ్చాయి. అంబులెన్సు తారు రోడ్డు దాటి రాలేదు. నలుగురు డోలీ కట్టి మోశారు. ఆ చింతచెట్టు పక్కనుంచే మోసుకుపోయారు. దారిలోనే పాప పుట్టింది. ఇద్దరూ బతికారు. జీపు ఉండి కూడా డోలీ మోశామని మా తాత ఇప్పటికీ అంటాడు.

జీపు వస్తే డోలీ మొత్తం పోతుందని నేను అనడం లేదు. కాలిబాట మీదకు జీపు కూడా రాదు. కాని మట్టిరోడ్డు ఉన్నంత దూరమైనా మోత తప్పుతుంది కదా.

పేరు ఎలా మారాలి?

1. బండికి యజమాని ఎవరో ఆర్.సి. కాయితం చెబుతుంది. దానం ఇస్తున్నట్టు ఒక కాయితం రాసి ఇద్దరూ సంతకాలు పెట్టుకోవాలి. తర్వాత ఫారం 29, ఫారం 30 నింపి రవాణా ఆఫీసులో ఇవ్వాలి. ఒకే రాష్ట్రంలో అయితే ఇచ్చేవాళ్ళు 14 రోజుల్లోగా తెలపాలి. తీసుకునేవాళ్ళు 30 రోజుల్లోగా తెలపాలి.

2. బండి మీద బాకీ ఉంటే, బాకీ తీరిందని ఫారం 35 మీద బ్యాంకు వాళ్ళ సంతకం ఉండాలి.

3. బండి వేరే రాష్ట్రానిదైతే అక్కడి ఆఫీసు నుంచి అభ్యంతరం లేదనే పత్రం తేవాలి. దానికి ఫారం 28.

4. ఇన్సూరెన్సు కూడా 14 రోజుల్లోగా కొత్త పేరుకు మార్పించాలి. ఇన్సూరెన్సు లేకుండా బండి రోడ్డెక్కకూడదు.

5. సీట్లు తీసేసి రోగిని పడుకోబెట్టే మంచం బిగించాలంటే రవాణా ఆఫీసు అనుమతి కావాలి. తెల్ల నెంబరు ప్లేటు బండిలో డబ్బులు తీసుకుని జనాన్ని ఎక్కించకూడదు.

పేరు మార్చకపోతే ఇచ్చినవాళ్ళకు కూడా కష్టమే. ఒక కారు చేతులు మారింది గాని ఆర్.సి.లో పేరు మారలేదు. దానివల్ల ప్రమాదం జరిగింది. ఆర్.సి.లో ఎవరి పేరుంటే వాళ్ళే యజమాని, పరిహారం బాధ్యత వాళ్ళదే అని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అంటే దానం ఇచ్చేశాం అనుకుని ఇంట్లో కూర్చున్నవాళ్ళ మీదకు కేసు రావచ్చు.

ఎలాంటి బండి తీసుకోకూడదు?

దానంగా వచ్చిన ఆవుకు పళ్ళు ఎంచకూడదని సామెత. జీపుకు మాత్రం ఎంచాల్సిందే. అడుగున ఛాసిస్ తుప్పు పట్టిందా, బ్రేకులు పడుతున్నాయా, ఆ మోడలు సామాను ఇంకా దొరుకుతోందా అని మెకానిక్కుతో చూపించాలి. ఘాట్ రోడ్డు మీద బ్రేకు పోతే దానం ప్రాణం తీస్తుంది.

వయసు కూడా చూడాలి. సొంత బండి ఆర్.సి. 15 ఏళ్ళు చెల్లుతుంది. తర్వాత బండి పరీక్ష చేయించి 5 ఏళ్ళకోసారి పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి దానికి ఫీజు 5,000 రూపాయలు చేశారు. 20 ఏళ్ళు దాటిన బండికి 2025 ఆగస్టులో 10,000 చేశారు. ఆ డబ్బు ఎవరు కడతారో ముందే మాట్లాడుకోవాలి.

బండి మరీ పాడైపోతే తీసుకోవద్దు. ప్రభుత్వ అనుమతి ఉన్న తుక్కు కేంద్రాలు ఉన్నాయి. అక్కడ ఇచ్చేసి, వచ్చిన డబ్బు దానం చెయ్యమని చెప్పొచ్చు. ఇంకో సంగతి. వస్తువు దానం ఇస్తే ఆదాయపు పన్నులో తగ్గింపు రాదు. అనుమతి ఉన్న సంస్థకు చెక్కు ద్వారా డబ్బు ఇస్తే, పాత పద్ధతిలో పన్ను కట్టేవాళ్ళకు వస్తుంది. పన్ను తగ్గుతుందనుకుని తుక్కు జీపు మన గుమ్మంలో వదిలేవాళ్ళకు ఈ మాట చెప్పాలి.

బండి కూడా తింటుంది

మేకను ఇస్తే ఆకు మేస్తుంది. జీపు డీజిల్ తాగుతుంది. టైర్లు అరుగుతాయి, ఏటా ఇన్సూరెన్సు కట్టాలి, డ్రైవరుకు జీతం ఇవ్వాలి. "జీపుతోపాటు ఒక ఏడాది ఖర్చు ఇస్తేనే అది నిండు దానం" అంటాడు మా మావయ్య. నాకూ అదే సబబు అనిపిస్తుంది.

స్నేహితులారా, దానం తీసుకునేటప్పుడు ప్రశ్నలు అడగడానికి మనకు సిగ్గు. ఇచ్చేవాళ్ళు ఏమనుకుంటారో అని భయం. కాని అడగకపోతే నష్టం వాళ్ళకు కాదు, డోలీలో ఉన్న మనిషికి. రేపు మన హాస్టలుకో, మీ ఊరి ఆసుపత్రికో ఎవరైనా జీపు ఇస్తామంటే దండ తర్వాత వేద్దాం. ముందు ఆర్.సి. చూపించమని అడుగుదాం.

– 9వ తరగతి విద్యార్థిని