వెయ్యేండ్లు: లెక్కయా, సంకేతమా?

చందానగరునుండి ఒక శ్రోత వ్రాసిన ఉత్తరము ఈ ప్రసంగమునకు కారణమైనది. ముంబయి రహదారి ప్రక్కన, లింగంపల్లికి ఇవతలనున్న ఆ పేట ఒకప్పుడు చిన్న పల్లె. నేడు హైటెక్ సిటీకిని, చుట్టుపట్ల కార్యాలయములకును పోవువారు వేల సంఖ్యలో అక్కడ కాపురముందురు. ఉత్తరము వ్రాసిన గృహిణి సంగతి క్లుప్తముగా చెప్పినారు. ఆమె భర్త కొంతకాలముగా ఒక ప్రబోధకుని మాటలు వినుచున్నారు. ప్రకటన గ్రంథములోని అంకెలు కూడి చూచినచో మూడేండ్లలో లోకాంతము వచ్చునని ఆ ప్రబోధకుడు చెప్పెనట. "మూడేండ్లే మిగిలియుండగా పిల్లకు నాలుగేండ్ల చదువెందుకు?" అని భర్త ప్రశ్న. "ఆ మాటలు ఉన్నవున్నట్లు తీసికొనవలెనా, గూఢార్థము వెదకవలెనా?" అని ఆమె ప్రశ్న.

ఎవరి విశ్వాసమునకైనను తీర్పు చెప్పుట నా పని కాదు. ఆ గ్రంథమును పెద్దలు ఏయే రీతుల చదివినారో, ఆ రీతుల బలాబలములెట్టివో చెప్పుటవరకే నా ప్రయత్నము.

మొదట పేరును గూర్చి ఒక మాట. మా రేడియో ఉద్యోగములో ప్రకటన యనగా రాబోవు కార్యక్రమమును ముందుగా తెలుపుట. ఫలాని వేళకు వార్తలని చెప్పితిమా, ఆ వేళకు వార్తలు రావలసినదే. ప్రకటన గ్రంథమునుకూడ అట్టి కార్యక్రమ సూచికగా చదువువారు కలరు. కాని గ్రీకు మూలములో ఆ గ్రంథము పేరు 'అపోకలుప్సిస్'. కప్పియున్న తెరను తొలగించుట అని దాని అర్థము. యోహాను అనునతడు పత్మాసు ద్వీపములో ఉండగా కనిన దర్శనములు అందులో 22 అధ్యాయములుగా ఉన్నవి. క్రీస్తుశకము మొదటి శతాబ్ది చివర, రోము చక్రవర్తి డొమీషియను కాలమున అది వెలసినదని ఎక్కువమంది పండితుల అభిప్రాయము. నేటి టర్కీ పశ్చిమభాగమందలి ఏడు సంఘములకు అది వ్రాయబడినది. అనగా వ్రాసినవానికిని, మొదట విన్నవారికిని మధ్య ఒక సామ్రాజ్యపు పీడన ఉన్నది.

ఆ గ్రంథము 20వ అధ్యాయములో 'వెయ్యి సంవత్సరములు' అను మాట ఆరుమారులు వచ్చును. క్రీస్తు ఏలుబడి అంతకాలము సాగునని అక్కడి మాట. రెండవ శతాబ్దిలో లియోను నగరపు బిషప్పు ఇరేనియసు మొదలగువారు దానిని ఉన్నదున్నట్లే గ్రహించిరి. వారి వాదమునకు బలము లేకపోలేదు. మెస్సీయ బేత్లెహేములో పుట్టునని మీకా ప్రవక్త చెప్పెను. సువార్తల ప్రకారము ఆ ఊరనే పుట్టెను. మొదటి రాకను గూర్చిన మాట అక్షరాలా నెరవేరినప్పుడు రెండవ రాకను గూర్చిన మాటను మాత్రము ఉపమానమని తేల్చివేయుట న్యాయమా యని వారు అడుగుదురు.

ఐదవ శతాబ్దిలో అగస్టీను వేరు దారి త్రొక్కెను. తానును ఒకప్పుడు మొదటి మతమునందే ఉంటినని 'దేవుని నగరము' అను గ్రంథములో ఆయనయే ఒప్పుకొనెను. తరువాత ఆయన మనసు మారినది. పది పదులు నూరు, పది నూరులు వెయ్యి. వెయ్యి యనగా నిండుదనము. ఆ వెయ్యేండ్లు క్రైస్తవ సంఘము సాగుచున్న ఈ కాలమే యని ఆయన చెప్పెను. పాశ్చాత్య క్రైస్తవములో చాల శతాబ్దులు ఈ వ్యాఖ్యయే నిలిచినది.

ఇది మనకు క్రొత్త చిక్కు కాదు. పెద్దలు "వెయ్యేండ్లు వర్ధిల్లు" అని దీవించినప్పుడు ఎవరును పంచాంగము తీసి లెక్కవేయరు. ఆ పెద్దలే "నీవు నాకు వెయ్యి రూపాయలు బాకీ" అన్నచో, తొమ్మిదివందల తొంబదితొమ్మిది ఇచ్చినను ఒప్పుకొనరు. మాట ఒకటే. దీవెనయా, పద్దా అనునది తెలిసినగాని అర్థము తేలదు.

గూఢార్థమన్నంతమాత్రమున ఎవరికి తోచినట్లు వారు చెప్పుకొనవచ్చునని కాదు. సంకేతమునకును కట్టుబాటు కలదు. మన పూర్వులు శాసనములలో శకవర్షమును మాటలతో చెప్పుట కలదు. చంద్రుడు ఒకటి, నేత్రములు రెండు, వేదములు నాలుగు, బాణములు ఐదు, ఋతువులు ఆరు. అంకెలను కుడినుండి ఎడమకు కూర్చుకొనవలెను. అక్కడ బాణమని చూచి యుద్ధము జరిగెననుకొనువాడును, తనకిష్టమైన అంకె వేసికొనువాడును ఒకే విధముగా పొరపడుదురు.

ప్రకటన గ్రంథములోని మృగసంఖ్య 666 అట్టిదేయని పలువురు పండితులు చెప్పుదురు. హెబ్రీ భాషలో అక్షరములకు అంకెల విలువ కలదు. 'నేరోన్ కేసర్' అను పేరును ఆ లిపిలో వ్రాసి కూడినచో 50, 200, 6, 50, 100, 60, 200 కలిసి 666 అగును. కొన్ని ప్రాచీన ప్రతులలో 616 అని ఉన్నది. 'నేరోన్'లోని చివరి నకారము విడిచినచో 50 తగ్గి సరిగా 616 వచ్చును. అట్లే 17వ అధ్యాయములోని ఏడు తలలు ఏడు కొండలని ఆ గ్రంథమే విప్పి చెప్పుచున్నది. ఏడుకొండలనగానే మనకు తిరుమల స్ఫురించునట్లు ఆనాటివారికి రోము స్ఫురించెను.

ఇక తేదీలు కట్టువారి సంగతి. అమెరికాలో విలియం మిల్లరు అను రైతు దానియేలు గ్రంథములోని 2300 దినములను పట్టుకొని, దినమనగా సంవత్సరమనుకొని, క్రీస్తుపూర్వము 457 నుండి లెక్కించెను. మొదట 1843 అని తేలినది. అది గడచిన పిమ్మట ఉద్యమమువారు 1844 అక్టోబరు 22 అని నిర్ణయించిరి. పొలములో పంట కోయక విడిచినవారును అందులో కలరు. ఆ దినము గడచిపోయెను.

రెండవ ఉదాహరణము మా వృత్తికే సంబంధించినది గనుక చెప్పుటకు కొంత సంకోచము. కాలిఫోర్నియాలో హెరాల్డు కాంపింగు అను రేడియో వక్త 2011 మే 21న విశ్వాసులు పరలోకమునకు ఎత్తబడుదురని ఎన్నోమారులు ప్రసారము చేసెను. ఆయన లెక్కలో దినమనగా వెయ్యేండ్లు. నోవహు జలప్రళయము క్రీస్తుపూర్వము 4990లో వచ్చెననియు, అక్కడినుండి ఏడు దినములు, అనగా 7000 ఏండ్లు గడువనియు కట్టినాడు. విన్నవారిలో కొందరు తమ జీవితకాలపు పొదుపును ఆ వార్త చాటుటకు వెచ్చించిరి. ఆ తేదీయు గడచినది. తాను పొరపడితినని 2012లో ఆయన ఒప్పుకొనెను. పోయిన సొమ్ము ఎవరికిని తిరిగి రాలేదు.

ఇక్కడ ఒక విషయము గమనింపవలెను. మిల్లరుకు దినమనగా ఒక ఏడు, కాంపింగుకు వెయ్యేండ్లు. ఇద్దరును తాము లేఖనమును ఉన్నదున్నట్లు నమ్ముచున్నామనుకొనిరి. కాని కొలతపాత్రను తమ ఇచ్చకొలది మార్చి, అటుపిమ్మట గింజలను మాత్రము జాగ్రత్తగా లెక్కించిరి. తేదీ పుట్టినది గ్రంథమునుండి కాదు, ఆ పాత్రనుండి. మన పోతులూరి వీరబ్రహ్మముగారి కాలజ్ఞానమునకును ఇట్టి గతియే పట్టుచుండును. సంఘటన జరిగిన తరువాత దానికి తగిన పంక్తిని వెదకి అన్వయించుట సులభము. జరుగకముందు చెప్పుటయే కష్టము.

అక్షరార్థమును నమ్మినవారందరును చేతులు ముడుచుకొని కూర్చుండిరనుట తప్పు. 1836లో విలియం బౌడెను, జార్జి బీరు అనువారు ఇంగ్లాండునుండి వచ్చి గోదావరి డెల్టాలో, నరసాపురము ప్రాంతమున పనిచేసిరి. వారు బ్రదరెను శాఖవారు. క్రీస్తు రాక ఏ క్షణమైనను సంభవింపవచ్చునని ఆ శాఖలో బలమైన నిరీక్షణ. అయినను వారు తెలుగు నేర్చుకొని, ఇక్కడనే స్థిరపడిరి. పరభాషను పట్టుదలతో నేర్చుట రేపటికి ఏర్పాటు చేసికొనువారి లక్షణమేకదా.

చందానగరునుండి ఒక పగటి ప్రయాణములో మెదకు కెథెడ్రలు చూచి రావచ్చును. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన ఆ ఆలయములో రంగుటద్దముల గవాక్షమొకటి క్రీస్తు ఆరోహణమును చూపును. ఆ ఘట్టము అపొస్తలుల కార్యములలోనిది. రాజ్యము ఎప్పుడని శిష్యులు అడుగగా, కాలములు తెలిసికొనుట మీ పని కాదని వారికి జవాబు. ఆకాశమువైపు చూచుచు నిలిచిన వారిని, ఇంకను ఎందుకు చూచుచున్నారని ఇద్దరు మందలించిరి. ఆ దినము ఎవరికిని తెలియదని మత్తయి సువార్తయు చెప్పును. థెస్సలొనీకలో కొందరు పని మానివేయగా, ఎవరి కూడు వారు సంపాదించుకొనవలెనని పౌలు వ్రాసెను. రాక సమీపించినదను భ్రమయే అందుకు కారణమని పలువురు వ్యాఖ్యాతలు తలంతురు. ఈ మాటలలో సంకేతమేమియు లేదు. అక్షరార్థ వాదులును గూఢార్థ వాదులును వీనిని ఒకే తీరున చదువుదురు.

క్రీస్తు తిరిగి వచ్చుటకు తెలుగు బైబిలులో 'రాకడ' అను మాట ఉన్నది. ఆ మాట వినగానే మన సామెత జ్ఞప్తికి వచ్చును: వాన రాకడ, ప్రాణము పోకడ ఎవరికెరుక? వాన ఎప్పుడు వచ్చునో తెలియదని రైతు విత్తనములు అమ్ముకొనడు. తెలియదు గనుకనే దుక్కి ముందుగా దున్ని ఉంచును.

ఉత్తరము వ్రాసిన సోదరికి నా మనవి ఇంతే. వెయ్యేండ్లు లెక్కయా, సంకేతమా అను చర్చ పదునెనిమిది వందల ఏండ్లుగా సాగుచున్నది. మీ ఇంట ఈ నెలలో తేలవలసిన అవసరము లేదు. మీ పిల్ల కళాశాల రుసుమునకు మాత్రము గడువు తేదీ ఉండును. అది ఎవరును అంకెలు కూడి కనుగొన్నది కాదు, కాగితముపై స్పష్టముగా అచ్చువేసినది. ఆ తేదీని దాటనీయకుడు.