కలుపు మందు ఉన్నచోటికి కదిలే బాక్టీరియా: ఆర్‌ఎన్‌ఏ స్విచ్ పనితీరు

మొక్కజొన్న, చెరకు పంటలలో కలుపు నివారణకు వాడే అట్రజిన్ భూగర్భ జలాలలోకి చేరే రసాయనం. ఈ కారణంగానే ఐరోపా సమాజం 2004లో దానికి అనుమతి నిరాకరించింది. అట్రజిన్ ఉన్నచోటికి కదిలి, దానిని నిర్వీర్యం చేసే బాక్టీరియాను అమెరికాలోని ఎమొరీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో రూపొందించారు. ఇందులో కీలకమైనది ఆర్‌ఎన్‌ఏతో నిర్మించిన స్విచ్.

జన్యువులోని సమాచారం ముందుగా ఆర్‌ఎన్‌ఏ నకలుగా మారుతుంది. ఆ నకలును రైబోజోమ్ చదివి ప్రోటీన్‌ను తయారుచేస్తుంది. రైబోజోమ్ వచ్చి కుదురుకోవలసిన చోటును ఆర్‌ఎన్‌ఏ తన మడతలో దాచివేస్తే ప్రోటీన్ తయారు కాదు. తగిన రసాయనం వచ్చి అతుక్కుంటే మడత మారి ఆ చోటు బయటపడుతుంది. విటమిన్లు సరిపడా ఉన్నప్పుడు వాటి తయారీని ఆపేందుకు బాక్టీరియా సహజంగానే ఇటువంటి ఏర్పాటును వాడుకుంటున్నట్లు 2002లో వెల్లడైంది.

ఎమొరీ పరిశోధకులు తొలుత ఆస్తమా మందు అయిన థియోఫిలిన్‌ను ఎంచుకున్నారు. దానికీ, కాఫీలోని కెఫీన్‌కూ తేడా ఒకే ఒక మిథైల్ సమూహం. అయినప్పటికీ ఇందుకు వాడిన ఆర్‌ఎన్‌ఏ కెఫీన్ కంటే థియోఫిలిన్‌ను దాదాపు 10,000 రెట్లు గట్టిగా పట్టుకుంటుందని 1994లోనే నిరూపితమైంది. ఇంతటి విచక్షణ ఒక చిన్న ఆర్‌ఎన్‌ఏ పోగుకు ఉండడం విశేషమే.

ఈ-కోలి బాక్టీరియా ముందుకు ఈదడానికి చీ-జెడ్ అనే ప్రోటీన్ అవసరం. అది లేకపోతే ఉన్నచోటనే దొర్లుతూ ఉంటుంది. ఈ ప్రోటీన్ జన్యువుకు స్విచ్ అమర్చగా, 2007లో బాక్టీరియా థియోఫిలిన్ ఉన్న దారి వెంబడి సాగింది. తరువాత అట్రజిన్‌కు స్పందించే స్విచ్‌ను ఎంపిక చేసి, ఆ మందును విచ్ఛిన్నం చేసే క్రమానికి చెందిన ఒక జన్యువును కూడా చేర్చారు.

బాక్టీరియా మందును "వెతుకుతున్నది" అని వ్రాయడం ఆకర్షణీయమే గాని, పూర్తిగా సరికాదు. మందు ఉన్నచోట దానికి కదలిక వస్తుంది, లేనిచోట ఆగిపోతుంది, అంతే.

ఇవన్నీ ప్రయోగశాల ఫలితాలు. పొలంలో ఈ బాక్టీరియా ఇతర సూక్ష్మజీవులతో పోటీపడి నిలవవలసి ఉంటుంది. పైగా, ఈ స్విచ్ అదుపులో ఉండేది ఈత ఒక్కటే. బాక్టీరియా పెరుగుదలను అది ఆపదు. మన దేశంలో జన్యుమార్పిడి చేసిన సూక్ష్మజీవులను ఆరుబయట విడుదల చేయాలంటే, పర్యావరణ పరిరక్షణ చట్టం క్రింద 1989లో జారీ అయిన నిబంధనల ప్రకారం ముందస్తు అనుమతి తప్పనిసరి.