కూల్చినవారే మరల కట్టిన పానశాల

అమావాస్యనాడు తమిళనాటి చతురగిరి కొండ యాత్రకు బయలుదేరిన జనులు మా వత్రాపులో బస్సు దిగి తాణిప్పారై దారి పట్టుటకు ముందు ఒక టీకొట్టు బల్లపై కూర్చుందురు. ఒక కాలు విరిగి ఇటుకరాళ్లపై నిలిచిన ఆ బల్లమీద ఒకే దినపత్రిక నాలుగు ముక్కలై నలుగురి చేతులలో తిరుగుచుండును. రేపు ఆ కొట్టు మూతపడి సెల్‌ఫోను దుకాణము వెలసినచో ఊరివారు నిట్టూర్తురే గాని, దానిని ఆపు హక్కు తమకు కలదని ఎవ్వరును తలంపరు.

ఆంగ్లదేశమున అట్టి హక్కుకై పోరాడినవారున్నారు. పబ్బనగానే మనవారికి నగరములలో చెవులు చిల్లులుపడు సంగీతశాలలు స్ఫురించును. లండను పేటలలోని పబ్బు అది కాదు. పని ముగించుకొని వచ్చినవాడు గ్లాసెడు బీరు పుచ్చుకొని, పెండ్లి మాటలును చావు కబుర్లును అందరితో పంచుకొని ఇల్లు చేరు రచ్చబండ అది. ఐనను 2017 మే వరకు దానిని అంగడిగా మార్చుటకు సాధారణముగా ప్రణాళికా అనుమతియే అక్కరలేకుండెను.

ఆ పోరాటములలో లండను కిల్బర్న్ ప్రాంతపు కార్ల్టన్ టావెర్న్ అను పబ్బు కథ మిక్కిలి ప్రసిద్ధమైనది. మొదటి ప్రపంచయుద్ధమున జర్మను బాంబు పడి పాత పబ్బు నశింపగా, చారింగ్టన్ అను బీరు సంస్థ 1920-21లో ఎర్రఇటుకలతోను మెరుగు పలకలతోను కట్టించిన ఆ భవనము రెండవ యుద్ధపు బాంబులకు చెక్కుచెదరక నిలిచెను గాని, కొన్నవారి బుల్‌డోజరునకు నిలువలేదు. అచ్చట నివాసగృహములు కట్టుటకు వెస్ట్‌మిన్‌స్టర్ పురపాలకులు 2015 జనవరిలో అనుమతి నిరాకరింపగా, రక్షిత కట్టడముగా ప్రకటించు విషయము ఇంకను పరిశీలనలో నుండగనే, ఏప్రిల్ 8వ తేదీన యజమానులు దానిని అనుమతి లేకయే నేలమట్టము చేసిరి. ఐతే పేటవారు ముందే కీడు శంకించియుండిరి. వారి వినతిపై భవనపు అలంకరణల వివరములు నమోదు చేయబడియుండెను. ఆ వివరములే తరువాత సాక్షులైనవి. ఉన్నదున్నట్లు మరల కట్టవలెనని పురపాలకులు ఆజ్ఞాపించిరి. యజమానులు అప్పీలు చేసికొనగా, 2016లో బహిరంగ విచారణానంతరము ఆ ఆజ్ఞయే స్థిరపడెను. 2021 ఏప్రిల్‌లో తలుపులు మరల తెరచుకొనెను. కొత్త గోడలకు పాత వాసన రాదని కొందరందురు. అది నిజమే, కాని వాసన గోడలది కాదు, కూర్చుండువారిది.

దక్షిణ లండనులోని నన్‌హెడ్ వారిది మరియొక మార్గము. సమాజమునకు విలువగల ఆస్తిగా నమోదైన స్థలమును అమ్మదలచినచో, సొమ్ము కూర్చుకొనుటకు స్థానికులకు ఆరునెలల గడువు నిచ్చు 2011 నాటి చట్టమును ఆశ్రయించి, 2013లో ఐవీ హౌస్ పబ్బును కొనిరి. 371 మంది అందులో వాటాదారులైరి. అట్టి చట్టమే మనకుండినచో, మఖ్దూం మొహియుద్దీన్ వంటి కవులు గంటల తరబడి ముచ్చటించిన హైదరాబాదు అబిడ్స్ ఓరియంట్ హోటలు నేటికిని నిలిచియుండునేమో!

ఈ వృత్తాంతమునంతయు మొన్న సాయంకాలము మా టీకొట్టు పెద్దాయనకు చెప్పితిని. ఆయన గ్లాసులు కడుగుచునే విని, "అంత కష్టపడి కట్టినారు గదా, ఆడ టీ దొరుకుతుందా సామీ?" అని అడిగెను.