ఊరి బొక్కసము

ప్రొద్దుటూరి బంగారు అంగళ్లలో ఒక గృహస్థుడు కుమార్తె పెండ్లికై లక్ష రూపాయల బంగారమును కొనునెడల, వస్తుసేవల పన్ను క్రింద మూడువేల రూపాయలు చెల్లింపవలసియుండును. 2017 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన శాసనము ననుసరించి అందు సగము కేంద్రమునకును, సగము రాష్ట్రమునకును చేరును. ఆ అంగడి ముందరి మురుగుకాలువను తీయించుట, వీధిదీపమును వెలిగించుట, చెత్త నెత్తించుట, త్రాగునీరిచ్చుట పురపాలక సంఘమునకు విధులు. ఆ మూడువేలలో సంఘమునకు హక్కుగా సంక్రమించు భాగమెంత యని అడిగినచో, ఒక్క పైసయు లేదని చెప్పవలసియున్నది. పనియంతయు ఊరిది, పైకము పైవారిది.

ఈ విషయమును పాఠకులు సావధానముగా విచారింపవలెనని మా ప్రార్థన. మన రాజ్యాంగము ప్రభుత్వములను మూడంతస్తులుగా గుర్తించినది గాని, బొక్కసములను రెంటినే భద్రపరచినది. శాసనాధికారము లేనిదే పన్ను విధింపరాదని 265వ అధికరణము చెప్పుచున్నది. కేంద్రము వసూలుచేయు పన్నులలో రాష్ట్రముల పాలు ఎంతయో ఐదేండ్ల కొకసారి ఆర్థికసంఘము నిర్ణయించును. పదునైదవ సంఘము దానిని నూటికి 41 వంతులుగా నిర్ణయించెను. వస్తుసేవల పన్ను వచ్చినపుడు రాష్ట్రములు తమ రాబడి తగ్గునని మొరపెట్టగా, పార్లమెంటు ఐదేండ్లపాటు ఏటికి నూటికి 14 వంతుల పెరుగుదలను పూచీపడి, నష్టపరిహారమునకు ప్రత్యేక శాసనమునే చేసెను. ఊళ్ల కట్టి పూచీ ఎవ్వరును పడలేదు. సినిమాలపై వినోదపు పన్నును స్థానికసంస్థలు తామే విధించి వసూలుచేసికొనవచ్చునని రాజ్యాంగమున మిగిల్చిరి గాని, అందులకు రాష్ట్రశాసనపు అనుమతి కావలెను.

పన్ను నెరిగినవా డొకచోటను, నిర్ణయించువా డొకచోటను ఉండుట ఈ సీమకు క్రొత్త కాదు. 1800లో నిజాము ఈ ప్రాంతమును ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసిన పిమ్మట, థామస్ మన్రో కలెక్టరుగా వచ్చి పొలముల కొలత వేయించి శిస్తు కట్టెను. ఆ శిస్తు భారమని ఆతడే గ్రహించి, 1807లో నాలుగవవంతు తగ్గింపవలెనని వ్రాసెను. పైవా రంగీకరింపలేదు. పదుమూడేండ్లకు, 1820లో, ఆతడే మద్రాసు గవర్నరైన పిమ్మటగాని ఆ తగ్గింపు ఆచరణలోనికి రాలేదు. ఆ నడుమ భారమును మోసినవారు రైతులు.

1882లో రిప్పను ప్రభువు స్థానిక స్వపరిపాలనమును గూర్చి ప్రకటించిన తీర్మానమును, దాని వెంట 1884లో మద్రాసులో వెలసిన పురపాలక, స్థానిక బోర్డుల శాసనములును ఈ లోపమును కొంత తీర్చుటకై పుట్టినవే. ప్రొద్దుటూరు 1915లో పురపాలక సంఘమయ్యెను. 1948 నవంబరులో రాజ్యాంగసభయందు గ్రామపంచాయితీల ప్రసక్తి వచ్చినపుడు, వానిని గుర్తింపవలెనని వాదించినవారిలో మన టంగుటూరి ప్రకాశము పంతులుగారొకరు. ఫలితముగా 40వ అధికరణము చేరినది. అయినను అది ఆదేశముగా నిలిచెనే గాని హక్కు కాలేదు. 1989లో తెచ్చిన సవరణ బిల్లులు రాజ్యసభలో వీగిపోయెను. తుదకు 1992 డిసెంబరులో, మన పొరుగుననున్న నంద్యాలనుండి లోకసభ కెన్నికైన పి.వి. నరసింహారావుగారు ప్రధానిగా నుండగా, 73, 74వ సవరణలు నెగ్గినవి. పట్టణములకు 18 విధులను, గ్రామములకు 29 విధులను పట్టికలుగా వ్రాసిరి. పన్నుల విషయమునకు వచ్చునప్పటికి మాత్రము, రాష్ట్ర శాసనసభ అధికారము ‘ఈయవచ్చును’ అని వ్రాసిరి. ‘ఈయవలెను’ అని వ్రాయలేదు. దేవుడు వరమిచ్చినను పూజారి ఈయడను సామెత ఇచ్చట సార్థకమైనది.

దీని ఫలమును మూడు పట్టణములును 2020వ సంవత్సరమున ప్రత్యక్షముగా చూచినవి. మహమ్మారివలన రాబడి తగ్గగా, రాష్ట్రములు ఆ యేటికి తమ ఉత్పత్తి విలువలో నూటికి 3 వంతులకు బదులు 5 వంతుల వరకు అప్పుచేయవచ్చునని కేంద్రము సెలవిచ్చెను. అందు కొంతభాగమునకు షరతులు పెట్టెను. ఇంటిపన్నును స్థలముల ప్రభుత్వపు ధరకు ముడిపెట్టుట వానిలో నొకటి. మన రాష్ట్రము 2020లో పురపాలక శాసనమును సవరించి, అద్దెవిలువకు మారుగా మూలధనపు విలువపై ఇంటిపన్ను కట్టు పద్ధతిని తెచ్చెను. 2021 జనవరిలో రాష్ట్రమునకు 2,525 కోట్ల అదనపు అప్పునకు అనుమతి లభించెను. ఏటి పెరుగుదల నూటికి 15 వంతులను మించరాదని హద్దు పెట్టిన మాట నిజమే. పన్ను సొమ్ము ఊరికే చేరుననుటయు నిజమే. కాని ప్రొద్దుటూరు, పులివెందుల, జమ్మలమడుగుల పాలకవర్గముల గడువు 2019 జూలైలోనే తీరినది. మరల ఎన్నికలు జరిగినది 2021 మార్చిలో. అనగా, అప్పు రాష్ట్రమునది, షరతు కేంద్రమునది, భారము ఇంటియజమానిది. ఆ సమయమున ఊరి పక్షమున నోరెత్తుట కెన్నికైన సభ్యు డొక్కడును లేడు. ప్రతినిధి లేని పన్ను అన్యాయమని పరప్రభుత్వముతో పోరాడిన జాతి, తన ప్రభుత్వము చేసిన యీ పనిని విమర్శింపకుండుట తగునా?

స్థానికసంస్థలకు డబ్బిచ్చినచో వృథా చేయుదురనియు, లెక్కలు సరిగా వ్రాయరనియు, ఓట్లకు జంకి పన్నులు వసూలుచేయరనియు కొందరందురు. ఈ మాటలలో సత్యమున్నదని మేము ఒప్పుకొందుము. తనిఖీ అయిన లెక్కలను ప్రకటించిననే గ్రాంటులని పదునైదవ ఆర్థికసంఘము విధించిన నియమము న్యాయమైనదే. కాని పైవారి నడవడి మాత్ర మెట్లున్నది? 2003లో పార్లమెంటును, 2005లో మన శాసనసభయు లోటును, అప్పును అదుపుచేయుటకై ద్రవ్యబాధ్యత శాసనములను చేసికొన్నవి. ఆ గడువులను కేంద్రమే పలుమారులు పొడిగించుకొన్నది. పురపాలక సంఘమో, రాష్ట్రపు అనుమతి లేనిదే అప్పు చేయజాలదు. ఆర్థికసంఘము పంచాయితీల కిచ్చిన నిధులను విద్యుత్తు బకాయిలక్రింద రాష్ట్రము జమకట్టుకొన్నదని సర్పంచులు ఆందోళన చేసిన సంగతి పాఠకులకు జ్ఞాపకముండును. బాధ్యత నేర్పువారు తాము దానిని పాటించుట మొదటి పాఠము.

పులివెందుల ఇద్దరు ముఖ్యమంత్రులను శాసనసభకు పంపిన నియోజకవర్గము. ఆ ప్రాంతపు అభివృద్ధికై ప్రత్యేక సంస్థయే ఏర్పడినది. అచ్చటి బాటలను, భవనములను చూచి మేము అసూయపడము. ప్రతి యూరును అట్లుండవలెననియే కోరుదుము. అయితే పెన్న యొడ్డుననున్న జమ్మలమడుగునకు గాని ప్రొద్దుటూరునకు గాని ఆ భాగ్యము కలుగుటకు తమ యూరివాడు ముఖ్యమంత్రి కావలెనా? అనుగ్రహమువలన వచ్చినది అధికారముతోడనే పోవును. శాసనమువలన వచ్చినది నిలుచును.

కావున మేము మూడు కోరికలను ముందుంచుచున్నాము. వస్తుసేవల పన్నులో పట్టణములకును గ్రామములకును నిర్ణీతమైన భాగము నిచ్చునట్లు పార్లమెంటు రాజ్యాంగమును సవరింపవలెను. ఐదేండ్లకొకసారి తప్పక ఏర్పడవలసిన రాష్ట్ర ఆర్థికసంఘము సకాలమున ఏర్పడి, దాని నివేదికపై తీసికొన్న చర్యలు శాసనసభలో పేరునకు దాఖలగుట గాక చర్చకు రావలెను. ఎన్నికైన పాలకవర్గము లేని కాలమున ఏ యూరి పన్ను పద్ధతిని గాని మార్పరాదు. గడువు తీరకమునుపే ఎన్నికలు జరుపవలెనను రాజ్యాంగనియమమును మీరరాదు.

పదునైదవ ఆర్థికసంఘము 2021 మొదలు 2026 వరకు స్థానికసంస్థలకై 4,36,361 కోట్ల రూపాయలను సిఫారసు చేసెను. మొత్తము గొప్పదే, కాని అది గ్రాంటు, అనగా ఇచ్చువాని చేతిలోనిది. 2026 మొదలు 2031 వరకు వర్తించునట్లు నియమింపబడినది పదునారవ సంఘము. కడపజిల్లా పక్షమున పార్లమెంటునను శాసనసభయందును కూర్చుండు సభ్యులు, ఏ పక్షమువారైనను, ద్రవ్యబిల్లులు చర్చకు వచ్చినపుడు పైమూడింటిని గూర్చి నోరు విప్పుదురా అని ఈ మూడు పట్టణముల పౌరులు అడుగవలెను. బంగారు అంగడిలో చెల్లించిన మూడువేలకు రసీదు చేతనున్నది. ఆ అంగడి ముందరి కాలువ నడుగుట కది చాలిన హక్కు.